గుడ్ల ఇంజెక్షన్లు మొదలుపెట్టే ముందు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. పిల్లల కోసం చేసే చికిత్సలో గుడ్లు పెరగడానికి ఇచ్చే మాత్రలు, ఇంజెక్షన్లు. హనుమకొండలో నేను ఏళ్ల తరబడి చేస్తున్న పని ఇదే. ఎదురుగా కూర్చున్నప్పుడు గొంతు దాటి రాని ప్రశ్నలు ఉత్తరాల్లో ధైర్యంగా వస్తాయి. అందుకే ఈసారి పేజీలన్నీ వీటికే. ఉత్తరం చూసి డోసు చెప్పలేను, చెప్పకూడదు కూడా. మందు లోపల ఏం చేస్తుందో, ఎక్కడ జాగ్రత్తపడాలో చెప్తాను.

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. పీసీఓడీ ఉంది. ఐయూఐ (వీర్యాన్ని గర్భసంచిలోకి ఎక్కించడం) ఫెయిలయ్యాక ఐవీఎఫ్‌కి (గుడ్లు బయటికి తీసి, ల్యాబ్‌లో పిండం చేసి లోపల పెట్టడం) వెళ్దామన్నారు. వచ్చే పీరియడ్ రెండో రోజు నుంచి రోజూ ఇంజెక్షన్లట. "ఏళ్లకు సరిపడే గుడ్లు ఒకేసారి లాగేస్తే నలభై రాకముందే ముట్లు ఆగిపోతాయి" అని మా అత్తమ్మ అంటున్నారు. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. (పేరు వద్దు, జగిత్యాల)

జవాబు: మీ అత్తమ్మ గారి భయం చాలా ఇళ్లలో ఉంది. మీ మేలు కోరే అంటున్నారు గానీ, అలా జరగదమ్మా.

ఆడపిల్ల పుట్టేనాటికే ఆమె అండాశయాల్లో 10 నుంచి 20 లక్షల గుడ్లు ఉంటాయి. పెద్దమనిషి అయ్యేసరికి 3, 4 లక్షలు మిగులుతాయి. జీవితం మొత్తంలో నెలనెలా విడుదలయ్యేవి కలిపితే సుమారు 400. మిగతా లక్షలు ఎవరూ తీయకుండానే, ఏ మందూ వాడకుండానే కరిగిపోతాయి.

నెల మొదట్లో స్కాన్ చేస్తే కొన్ని చిన్న చిన్న నీటి సంచులు కనిపిస్తాయి. అవే ఫాలికల్స్. ఒక్కోదానిలో ఒక్కో గుడ్డు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి ఎఫ్ఎస్‌హెచ్ అనే హార్మోన్ వస్తే ఇవి పెరగడం మొదలవుతుంది. వీటిలో ఒకటి ముందుకెళ్లి ఈస్ట్రోజన్ తయారు చేయగానే ఎఫ్ఎస్‌హెచ్ తగ్గుతుంది. ఆ తగ్గిన హార్మోన్‌తో నిలబడగలిగేది ఆ ఒక్కటే, మిగిలినవి ఆ నెలలోనే ఎండిపోతాయి. మీకిచ్చే ఇంజెక్షన్ ఎఫ్ఎస్‌హెచ్‌ను తగ్గనివ్వకుండా నిలబెడుతుంది. దాంతో ఎలాగూ పోవాల్సిన ఆ నెల ఫాలికల్స్ కూడా పెరుగుతాయి. వచ్చే ఏడాది గుడ్ల జోలికి అది వెళ్లదు. మెనోపాజ్ దీనివల్ల ముందుకు జరగదు. ఈ నాలుగు మాటలూ అత్తమ్మ గారికి చదివి వినిపించండి. కుదిరితే ఒక స్కాన్‌కి ఆవిడనూ తీసుకెళ్లండి.

మీ విషయంలో నేను ఆలోచించేది వేరే సంగతి. పీసీఓడీ ఉన్నవాళ్లకు ఈ ఫాలికల్స్ ఎక్కువ. కొంచెం మందుకే పాతిక, ముప్ఫై ఒకేసారి లేస్తాయి. అది ప్రమాదం. కాబట్టి మొదలుపెట్టే ముందు మీ డాక్టర్ గారిని ఇవి అడగండి. నా ఏఎంహెచ్ (గుడ్ల నిల్వ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) చూసి డోసు తక్కువలో మొదలుపెడుతున్నారా? ఐదారు రోజులయ్యాక గుడ్లు ముందే విడుదల కాకుండా ఇచ్చే ఆంటగనిస్ట్ ఇంజెక్షన్ పద్ధతేనా? గుడ్లు ఎక్కువైతే, అవి పండటానికి చివర్లో ఇచ్చే ట్రిగ్గర్ ఇంజెక్షన్‌గా హెచ్‌సీజీ అనే హార్మోన్‌కి బదులు ల్యూప్రోలైడ్‌లాంటిది ఇచ్చి, పిండాలను ఆ నెల లోపల పెట్టకుండా ఫ్రీజ్ చేస్తారా? అడిగితే డాక్టర్ కోపగించుకుంటారని భయపడకండి. మందు వెళ్లేది మీ ఒంట్లోకి.

ప్రశ్న: పీరియడ్ రెండో రోజు నుంచి ఐదు రోజులు లెట్రోజోల్ వేసుకోమని రాశారు. మెడికల్ షాపు అబ్బాయి "అక్కా, ఇది రొమ్ము క్యాన్సర్ మాత్ర" అన్నాడు. భయంతో వేసుకోలేదు. (భద్రాచలం నుంచి ఒక సోదరి)

జవాబు: ఆ అబ్బాయి అబద్ధం చెప్పలేదు, సగం చెప్పాడు. మెనోపాజ్ దాటిన స్త్రీలలో రొమ్ము క్యాన్సర్‌కి ఈ మాత్రను ఏళ్ల తరబడి రోజూ ఇస్తారు. మీకు ఇచ్చింది ఐదు రోజులకే. ఈ మాత్ర ఈస్ట్రోజన్ తయారీని కొన్నాళ్లు తగ్గిస్తుంది. ఈస్ట్రోజన్ సరిపోవడం లేదనుకుని మెదడు ఎఫ్ఎస్‌హెచ్ ఎక్కువ పంపుతుంది. అలా మీ సొంత హార్మోన్‌తోనే గుడ్డు పెరుగుతుంది. గుడ్డు విడుదలయ్యే సమయానికి మందు చాలావరకు ఒంట్లోంచి వెళ్లిపోతుంది.

మన దేశంలో 2011లో సంతాన చికిత్సకు దీన్ని నిషేధించారు, 2017లో ఆ నిషేధం ఎత్తేశారు. ఫోన్లో మీకు పాత వార్తలు కనిపించి ఉంటే అందుకే. 2014లో అమెరికాలో పీసీఓడీ ఉన్న 750 మంది మీద జరిగిన అధ్యయనంలో పాత మందు క్లోమిఫిన్ వాడినవారిలో 19 శాతం మందికి, లెట్రోజోల్ వాడినవారిలో 27 శాతం మందికి పైగా బిడ్డలు పుట్టారు. గర్భం ఉన్నప్పుడు మాత్రం వేసుకోకూడదు. పీరియడ్ సరిగా రాకుండా చుక్కలు చుక్కలుగా కనబడితే ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకుని ఆ తర్వాతే మొదలుపెట్టండి.

ప్రశ్న: నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ లెక్చరర్‌ని. 33 ఏళ్లు. ట్యూబులు రెండూ మూసుకుపోయాయి, పీరియడ్స్ మాత్రం క్రమంగా వస్తాయి. తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ లూయీస్ బ్రౌన్ ఏ ఇంజెక్షన్లూ లేకుండానే పుట్టిందని చదివాను. మరి మాకెందుకు ఇన్ని మందులు? ఇది వ్యాపారం కాదా? (రాజమహేంద్రవరం)

జవాబు: మీరు చదివింది నిజమే. 1978 జులై 25న పుట్టిన లూయీస్ విషయంలో బ్రిటన్ శాస్త్రవేత్త ఎడ్వర్డ్స్, డాక్టర్ స్టెప్టోల బృందం తల్లికి సహజంగా పెరిగిన ఒకే గుడ్డును ల్యాప్రోస్కోపీతో తీసింది. అయితే దానికి ముందు వాళ్లు హార్మోన్లతో చాలామందికి ప్రయత్నించి, పిండం గర్భసంచిలో నిలవకపోవడంతో సహజ పద్ధతికి మళ్లారు. హార్మోన్లతో పెంచిన నెలలో గర్భసంచి పొర కూడా మారిపోతుంది, అదొక చిక్కు.

ఆ చిక్కు విప్పిన మనిషి మన దేశంవారే. కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ హార్మోన్ ఇంజెక్షన్లతో ఒకటికి మించి గుడ్లు పెంచి, వాటిని తీసి, ఫలదీకరణ చేసి, పిండాన్ని గడ్డకట్టించి దాచి, మరో నెలలో గర్భసంచిలో పెట్టారు. 1978 అక్టోబరు 3న దుర్గ అనే పాప పుట్టింది. లూయీస్ కంటే కేవలం 70 రోజులు వెనుక. ప్రభుత్వం వేసిన కమిటీ ఆయన్ని నమ్మలేదు. పరిశోధన సాగనివ్వలేదు, కళ్ల విభాగానికి బదిలీ చేశారు. 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. 1997లో శాస్త్రవేత్త టి.సి. ఆనంద్ కుమార్ ఆయన కాగితాలు పరిశీలించి, ఈ పని చేసింది ఆయనేనని లోకానికి చెప్పారు. ఇవాళ ప్రపంచమంతా చేస్తున్నది దాదాపు ఆయన దారిలోనే. గుడ్లను పెంచడం, పిండాలను దాచడం, ఒళ్లు కుదుటపడ్డాక మరో నెలలో పెట్టడం. ఈ సంగతి రాసేటప్పుడు నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

ఆ రోజుల్లో వాడిన హార్మోన్ మెనోపాజ్ దాటిన స్త్రీల మూత్రం నుంచి తీసేవారు. అండాశయం పలకనప్పుడు మెదడు ఎఫ్ఎస్‌హెచ్‌ను ఇంకా ఇంకా పంపుతుంది, అది మూత్రంలో బయటికి వస్తుంది. ఇటలీలో కాన్వెంట్లలోని వృద్ధ సన్యాసినుల నుంచి సేకరించిన మూత్రంతో ఈ మందు తయారైంది. దానితో తొలి బిడ్డ 1962లో ఇజ్రాయెల్‌లో పుట్టింది. హెచ్‌ఎంజీ పేరుతో ఇప్పటికీ దొరికే ఇంజెక్షన్ అదే తరహాది, బాగా శుద్ధి చేసి ఇస్తారు. ల్యాబ్‌లో కణాల నుంచి తయారు చేసే రీకాంబినెంట్ రకం కొంచెం ఖరీదు. ఫలితాల్లో రెండింటికీ పెద్ద తేడా లేదు. ఖరీదైనది కాబట్టి మంచిదని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇక మీ ప్రశ్న. మందుల్లేకుండా ఐవీఎఫ్ ఇప్పుడూ చేయొచ్చు. కానీ ఉండేది ఒకే గుడ్డు. తీసేలోపే అది విడుదలైపోవచ్చు, దొరక్కపోవచ్చు, ఫలదీకరణ జరగకపోవచ్చు. ఎక్కడ ఆగినా ఆ నెల ఖర్చూ ఆశా పోయినట్టే. మీ వయసుకి, ట్యూబులు తప్ప వేరే సమస్య లేనప్పుడు, మితమైన డోసుతో ఎనిమిది, పది గుడ్లు వస్తే చాలు. "ఎక్కువ వద్దు, నాకు సరిపడినన్ని చాలు" అని ముందే చెప్పండి. అలా అడిగే హక్కు మీకుంది, ఆ మాట విని పనిచేసే డాక్టర్లూ ఉన్నారు.

ప్రశ్న: నా వయసు 38, ఏఎంహెచ్ 0.9. నాకు 5 గుడ్లే వచ్చాయి. అదే ఆసుపత్రిలో నా పక్క బెడ్ అమ్మాయికి 19 వచ్చాయి. నాకు డోసు తక్కువ ఇచ్చారా? ఈసారి డబుల్ చేయమని అడగనా? (ఖమ్మం)

జవాబు: అడగకండమ్మా. ఇంజెక్షన్ గుడ్లను పుట్టించదు, ఆ నెల ఉన్నవాటిని పెంచుతుంది. రెండో రోజు స్కాన్‌లో ఆరు ఫాలికల్స్ కనిపిస్తే ఎంత మందు గుమ్మరించినా ఇరవై కావు. రోజుకు 300 యూనిట్లు దాటాక డోసు పెంచితే బిల్లు పెరుగుతుంది గానీ బిడ్డ చేతికొచ్చే అవకాశం పెరగదని ఇప్పుడు ఈ రంగంలో అందరూ ఒప్పుకుంటున్నారు. ఆ 19 వచ్చిన అమ్మాయి వయసు ఎంత, ఆమెకు పీసీఓడీ ఉందా, మీకు తెలియదు. ఆమె ఆ రాత్రి ఎంత కడుపునొప్పితో గడిపిందో కూడా తెలియదు.

తీసిన గుడ్లన్నీ పండినవి కావు, సుమారుగా ఐదింటిలో నాలుగు పండుతాయి. పండినవాటిలో ఓ మూడో వంతు ఫలదీకరణ కావు. అయినవాటిలో సగం వరకు ఐదో రోజుకి చేరకుండానే ఆగిపోతాయి. అందుకే ఎన్ని గుడ్లు వచ్చాయన్నదానికంటే పండినవెన్ని, ఐదో రోజుకి ఎన్ని నిలిచాయి అని అడిగి రాయించుకోండి. 38 ఏళ్లకు గుడ్ల నాణ్యతను నిర్ణయించేది ప్రధానంగా వయసే. దాన్ని డోసుతో మార్చలేం. మళ్లీ ప్రయత్నించాలనుకుంటే నెలల తరబడి పౌడర్లు, టానిక్కులు వాడుతూ కాలం పోనివ్వకండి.

ప్రశ్న: డాక్టర్ గారూ, నా భార్యకు ఎగ్ పికప్‌లో (గుడ్లు బయటికి తీసేటప్పుడు) ఒక్క గుడ్డు కూడా రాలేదు. స్కాన్‌లో పది ఫాలికల్స్ బాగానే ఉన్నాయన్నారు. తర్వాతి సారి డోనర్ గుడ్లు వాడమంటున్నారు. ఆమె ఏడుస్తూనే ఉంది. అయితే ట్రిగ్గర్ ఇంజెక్షన్ రాత్రి మా ఊళ్లో ఆర్‌ఎంపీ గారితో వేయించాను. మొన్న ఫ్రిజ్‌లో చూస్తే పొడి ఉన్న చిన్న సీసా అలాగే ఉంది. ఆయన నీళ్ల ఆంప్యూల్ మాత్రమే ఎక్కించినట్టున్నారు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. (నిజామాబాద్ జిల్లా)

జవాబు: బాబూ, ఈ పత్రిక చదవడం ఆపి ముందు మీ భార్యకు చెప్పండి. ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఆ సీసాతో సహా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఎందుకంటే ట్రిగ్గర్ పడితేనే గుడ్డు చివరి దశకు పండి, ఫాలికల్ గోడ నుంచి వదులవుతుంది. ఆ పని జరగడానికి 34 నుంచి 36 గంటలు పడుతుంది. పికప్ సమయం దాన్నిబట్టే పెడతారు. నీళ్లు మాత్రమే ఎక్కితే ఆ పది ఫాలికల్స్‌లో గుడ్లు ఉన్నా బయటికి రావు. మీ భార్య గుడ్లలో ఏ లోపమూ లేకపోవచ్చు. ఈ సంగతి తెలియకపోతే డాక్టర్ కేసు షీటులో "గుడ్లు రాలేదు" అని రాసుకుంటారు, ఆ ఒక్క వాక్యం మీద మీ భవిష్యత్తు మారిపోతుంది. డోనర్ గుడ్లకు ఒప్పుకునే ముందు ఇది తేలాలి. ఆమె తన ఒంట్లోనే ఏదో లోపం ఉందని ఏడుస్తోంది. ఆ భారం ఆమె మీద ఒక్క రోజు కూడా ఉంచకండి. ఆమెకు కోపం వస్తుంది, రానివ్వండి.

మిగతా పాఠకులకు ఒక మాట. ట్రిగ్గర్ వేశాక ఖాళీ సీసా, ఆంప్యూల్, సమయం మూడూ కనిపించేలా ఫోన్లో ఫొటో తీసి క్లినిక్ నర్సుకు పంపండి. గంట ఆలస్యమైనా దాచకుండా చెప్పండి, థియేటర్ టైము జరుపుతారు. హెచ్‌సీజీ రకం వేసుకుంటే మర్నాడు రక్తపరీక్షలో అది ఒంట్లోకి చేరిందో లేదో తెలుస్తుంది. ప్రెగ్నెన్సీ కిట్ వెతికేదీ హెచ్‌సీజీనే కాబట్టి, ఆ ఇంజెక్షన్ తర్వాత పది రోజుల పాటు ఇంట్లో ఆ కిట్ వాడకండి. గర్భం లేకపోయినా రెండు గీతలు రావచ్చు.

ప్రశ్న: ఇంజెక్షన్ పెన్ను ఫ్రిజ్‌లో పెట్టమన్నారు. మాకు కరెంటు కోతలు ఎక్కువ. ఏం చేయాలి? (టెక్కలి)

జవాబు: 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్ మధ్య అరలో పెట్టండి. తలుపు అరలో వద్దు, ఫ్రీజర్‌లో అసలు వద్దు. గడ్డకట్టిన మందు పనికిరాదు. కరెంటు పోతే తలుపు తెరవకుండా ఉంచండి, కొన్ని గంటలకు ఏమీ కాదు. ఎక్కువసేపు పోతే థర్మాకోల్ డబ్బాలో ఐస్ ప్యాక్ పెట్టి, మందుకు ఐస్ తగలకుండా మధ్యలో గుడ్డ వేయండి. పొడి రూపంలో వచ్చే చాలా హెచ్‌ఎంజీ రకాలు 25 డిగ్రీల వరకు బయట ఉండొచ్చు, అట్ట మీద చూసుకోండి.

ప్రశ్న: మా అమ్మాయికి 27 ఏళ్లు, సన్నగా ఉంటుంది. మూడు రోజుల కిందట 24 గుడ్లు తీశారు. అప్పటి నుంచి పొట్ట ఉబ్బి, లంగా బొందు బిగుసుకుపోతోంది. గ్యాస్ అనుకుని వాము నీళ్లు ఇచ్చాను, తగ్గింది. ఇంకోసారి చేయాల్సి వస్తే ఇలాగే అవుతుందా? (ఒక తల్లి, అనకాపల్లి)

జవాబు: తగ్గినందుకు సంతోషం తల్లీ. అయితే అది గ్యాస్ కాకపోయి ఉండొచ్చు. ఫాలికల్స్ చాలా లేచినప్పుడు, ముఖ్యంగా హెచ్‌సీజీ ట్రిగ్గర్ తర్వాత, రక్తనాళాల నుంచి నీరు పొట్టలోకి ఊరుతుంది. దీన్ని ఓహెచ్‌ఎస్ఎస్ అంటాం. చిన్న వయసు, సన్నటి ఒళ్లు, పీసీఓడీ, ఎక్కువ ఏఎంహెచ్ ఉన్నవాళ్లకు ఇది ఎక్కువ. కొద్దిపాటి ఉబ్బరం చాలామందికి ఉండి వారం, పది రోజుల్లో పోతుంది. ముదిరితే రక్తం చిక్కబడి గడ్డలు కడుతుంది, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరుతుంది. ప్రాణం మీదికి వస్తుంది.

పికప్ అయినవాళ్లెవరైనా రోజూ పొద్దున్నే బరువు చూసుకోవాలి, బొడ్డు దగ్గర టేపుతో కొలుచుకోవాలి. ఒక్కరోజులో కిలో దాటి పెరిగినా, మూత్రం తగ్గి ముదురు రంగులో వస్తున్నా, వాంతులు ఆగకపోయినా, పడుకుంటే ఊపిరి అందకపోయినా, కాలు ఒకటే వాచి నొప్పిగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అర్ధరాత్రి అయినా సరే. ఒక పక్క ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి వస్తే పెరిగిన అండాశయం మెలిపడిందేమో చూడాలి. నొప్పికి పారాసిటమాల్ వేసుకోవచ్చు. డైక్లోఫెనాక్‌లాంటివి, నీరు లాగే మాత్రలు సొంతంగా వద్దు. రోజంతా మంచం మీదే ఉండకుండా ఇంట్లో మెల్లగా తిరగాలి.

పిండాలు ఈ నెలే పెట్టారా, ఫ్రీజ్ చేశారా మీరు రాయలేదు. పెట్టి ఉంటే ఇంకా రెండు వారాలు కనిపెట్టి ఉండండి. గర్భం నిలిస్తే ఆ గర్భం నుంచి వచ్చే హెచ్‌సీజీతో ఇది మళ్లీ తిరగబెట్టవచ్చు. ఇంకోసారి మొదలుపెట్టేటప్పుడు "కిందటిసారి 24 వచ్చాయి, పొట్ట ఉబ్బింది" అని మొదటి మాటగా చెప్పండి. డోసు తగ్గిస్తారు, ట్రిగ్గర్ మారుస్తారు, క్యాబర్‌గోలిన్ మాత్రలు ఇస్తారు. రెండోసారి ఇలా కాకుండా చూడటం ఇప్పుడు సాధ్యమే.

ప్రశ్న: మేడమ్, నాకు 20 ఏళ్లు. హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. తెలిసిన ఒక ఆంటీ గుడ్లు ఇస్తే డబ్బు వస్తుంది, పది రోజులు ఇంజెక్షన్లు అంతే, వయసు తక్కువైనా వేరే ఆధార్‌తో పంపిస్తానంది. రెండు ఇంజెక్షన్లు అయ్యాయి. ఫీజు కట్టాలి. భయంగా ఉంది. (గుంటూరు)

జవాబు: ఇక్కడితో ఆపెయ్యి తల్లీ. ట్రిగ్గర్ పడక ముందు ఇంజెక్షన్లు మానేస్తే నీకు ప్రమాదం లేదు. ఫాలికల్స్ వాటంతట అవే తగ్గుతాయి, పీరియడ్ వస్తుంది, అది కాస్త అటూ ఇటూ కావచ్చు.

2021లో సంతాన చికిత్సల కోసం వచ్చిన ఏఆర్‌టీ చట్టం ప్రకారం 23 నుంచి 35 ఏళ్ల మధ్య ఉన్న స్త్రీ నుంచే గుడ్లు తీసుకోవాలి. అదీ జీవితంలో ఒక్కసారే, ఏడు గుడ్లకు మించకూడదు. రిజిస్టరైన ఏఆర్‌టీ బ్యాంకు ద్వారా, రాతపూర్వక సమ్మతితో, గుడ్లు ఇచ్చిన ఆమెకు 12 నెలల బీమాతో జరగాలి. గుడ్లు అమ్మడం, కొనడం నేరం. వేరే ఆధార్ మీద నిన్ను పంపితే కాగితాల్లో నువ్వు లేవు. పొట్టలో నీరు చేరినా, మత్తు వికటించినా అక్కడ జరిగింది నీకేనని చూపించే ఆధారం ఉండదు, బీమా రాదు. ఏడు గుడ్ల హద్దును ఇలాంటివాళ్లు పాటిస్తారా? వాళ్లకు కావాల్సింది సంఖ్య. నీ వయసులో ఎక్కువ డోసు ఇస్తే పై ఉత్తరంలోని అమ్మాయి కంటే ఎక్కువే రావచ్చు.

డబ్బు తిరిగి ఇమ్మని ఆ ఆంటీ బెదిరిస్తే 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యి. పొట్ట ఉబ్బినా, నొప్పి వచ్చినా ప్రభుత్వాసుపత్రి గైనిక్ ఓపీకి వెళ్లి, ఏ రోజు ఏ ఇంజెక్షన్ పడిందో దాచకుండా చెప్పు. సీసాల ఫొటోలు ఉంటే చూపించు. ఫీజు సంగతి ఇంట్లో చెప్పలేకపోతే కాలేజీలో నీకు నమ్మకమున్న మేడమ్ ఒకరికి చెప్పు. ఈ పత్రిక ఆఫీసుకు మళ్లీ రాస్తే నాకు చేరుస్తారు, నేను నీకు నేరుగా జవాబు రాస్తాను.